అదే మాట, మళ్లీ మధ్యాహ్నం

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ముందే చెప్పేస్తాను. మా అంగడిలో చెవి మిషన్లను పరీక్షించేటప్పుడు ఫోన్‌లోంచి వినిపించే ఆడగొంతు నాది. "బువ్వ తింటివా?" అని అడుగుతుంది ఆ గొంతు, అంతే. హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో ఎందరో ముసలివాళ్లు నా ఎదురుగా కూర్చుని ఆ మాట విని, తిరిగి "బువ్వ తింటివా" అని చెప్పారు. వినిపించింది వినిపించినట్టు తిరిగి చెప్పాలి. అదే పరీక్ష. ఆ గొంతు ఎవరిదని ఎవరూ అడగలేదు. కంపెనీవాళ్లు పంపి ఉంటారని అంగడి నడిపే మా సారు అనుకున్నారు. నేను కాదనలేదు. బస్సులో టికెట్ అడగడానికి కూడా గొంతు సవరించుకునే మనిషిని నేను. ఇంతమందిని రోజూ అన్నం తిన్నారా అని పలకరిస్తున్నది నేనేనంటే ఎవరు నమ్ముతారు?

ఇలాంటివి పెద్దవాళ్లు రిటైరయ్యాక రాసుకుంటారు. నాకింకా ముప్పై నిండలేదు. కానీ సారు వయసు మీదపడి అంగడి వేరేవాళ్లకు అప్పజెప్పేశారు. నేను పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పే పనికి ఒప్పుకున్నాను. నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి మొదటి రోజే, "అక్కా, ఈ పని ఎలా ఉంటుంది?" అని అడిగింది. "బాగుంటుంది" అన్నాను. అంతకుమించి నోరు పెగల్లేదు. చెప్పాలనుకున్నదంతా ఇదిగో, రాస్తున్నాను.

పని

చెవి మిషన్ అంటే చెవి వెనక పెట్టుకునే చిక్కుడుగింజంత వస్తువు. ఒకవైపు శబ్దం లోపలికి పోతుంది, ఇంకోవైపు పెద్దదై బయటికొస్తుంది. మిషన్లు అమ్మడం సారు పని. అమ్మిన తర్వాత వచ్చే ఫిర్యాదులు నా పని. మా అంగడి హిందూపురంలో. వారంలో ఒకరోజు పెనుకొండలో, ఒకరోజు ధర్మవరంలో క్యాంపు పెట్టేవాళ్లం. ప్యాసింజర్ రైల్లో సారు కిటికీకి తల ఆనించి నిద్రపోయేవారు. నేను సంచిలోంచి నవల తీసేదాన్ని.

ఈల వేస్తోంది, గరగరమంటోంది అనే ఫిర్యాదులు సులువు. కష్టమైన ఫిర్యాదు ఒకటే: "ఒకతూరి ఇనపడ్తాది, ఇంకోతూరి ఇనపడదు." ఆ మాట అన్న మనిషిని ఇంట్లోవాళ్లే నమ్మరు. తనకు కావలసినవి వినపడతాయి, అక్కర్లేనివి వినపడవు అని నవ్వుతారు. గుడ్డివాళ్లను చూసి నవ్వని జనం చెవిటివాళ్లను చూసి ఎందుకు నవ్వుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ముందు ఆ నవ్వు మానుకోవాలి. మిగతాది నేర్చుకోవచ్చు.

మార్కులొచ్చిన పాఠం

ఇంజినీరింగ్‌లో మా లెక్చరర్ బోర్డు మీద ఒక డబ్బా గీసేవారు. లోపలికి ఒక బాణం, బయటికి ఒక బాణం. ఈ డబ్బా కాలంతో మారేదా, మారనిదా చెప్పండి అనేవారు. ఇంగ్లిషులో టైమ్ ఇన్‌వేరియంట్ అంటారు. ఒక శబ్దాన్ని ఇప్పుడు లోపలికి పంపితే ఏం వస్తుందో చూడాలి. అదే శబ్దాన్ని కాస్త ఆలస్యంగా పంపితే ఏం వస్తుందో చూడాలి. రెండోసారి కూడా అదే వచ్చి, ఆలస్యం తప్ప ఇంకే తేడా లేకపోతే, ఆ డబ్బా కాలంతో మారనిది. తేడా వస్తే మారేది.

దీంట్లో మేమంతా ఒక తప్పు చేసేవాళ్లం. సూత్రంలో కాలాన్ని సూచించే అక్షరం ఎక్కడ కనపడితే అక్కడ మార్చేసేవాళ్లం. అలా చేస్తే లెక్క చక్కగా కుదురుతుంది, ఏ డబ్బా అయినా మారనిదనే తేలుతుంది. "మీరు శబ్దాన్ని ఒక్కటే ఆలస్యం చేయాలి. దాంతోపాటు డబ్బా గడియారాన్ని కూడా వెనక్కి తిప్పితే ఇంక తేడా ఎట్లా తెలుస్తుంది?" అనేవారు ఆయన. ఆ మాట రాసుకున్నాను. మార్కులూ వచ్చాయి. అర్థమైంది మాత్రం కొన్నేళ్ల తర్వాత, ధర్మవరంలో, ఒక మగ్గం పక్కన.

రాహేలమ్మ గారి వరండా

అంతకంటే ముందు పెనుకొండలో ఇంకో సంగతి నేర్చుకున్నాను. రాహేలమ్మ గారని, అంగన్‌వాడీలో పనిచేసి మానేసిన ఆవిడ. తన మిషన్ పొద్దున సన్నగా, సాయంత్రం గట్టిగా పలుకుతోందని చెప్పింది. సరే, రెండు పూటలా చూద్దామని ఆమె ఇంటికి పోయాను. అప్పటికింకా ఫోన్‌లో రికార్డు లేదు, పరీక్ష మాట నేనే నోటితో అనేదాన్ని. పొద్దున సన్నగానే వచ్చింది. సాయంత్రం గట్టిగానే వచ్చింది. మిషన్‌లోనే లోపమని రాసుకుంటుంటే రాహేలమ్మ గారు నవ్వింది.

"పొద్దున నా కొడుకులు ఈడే కూర్చోనుండిరి పాపా. నువ్వు నోట్లోనే గొణుక్కుంటివి. ఇప్పుడు మనమిద్దరమే ఉండాము, అందుకే బాగా అరుస్తాండావు."

ఆమె చెప్పింది నిజం. లోపలికి పోయిన శబ్దమే రెండుసార్లూ ఒకటి కానప్పుడు, బయటికొచ్చినదాన్ని పట్టుకుని మిషన్‌ను నిందించడం దండగ. ఆమె ఫిర్యాదూ అలాంటిదే: వాళ్లింట్లో పొద్దున అందరూ గుసగుసగా ప్రార్థన చేసుకుంటారు, సాయంత్రం మనవళ్లు చేరి ఇల్లెగరగొడతారు. మిషన్‌ది ఏ తప్పూ లేదు.

ఆ రాత్రి తలుపేసుకుని, దుప్పటి కప్పుకుని, ఫోన్‌లో ఒక మాట రికార్డు చేసుకున్నాను. ఏం మాట అనాలో తోచలేదు. మా అవ్వ రోజూ నన్ను అడిగే మాటే నోట్లోకి వచ్చింది. అప్పట్నుంచి మిషన్‌కు జానెడు దూరంలో ఫోన్ పెట్టి అదే మాట మోగించేదాన్ని. నా గొంతు వణకని చోటు ఈ లోకంలో అదొక్కటే.

మా సారు తెల్లగుడ్డ

సారు గురించి ఒక్క మంచిమాట, ఒక్క నిష్ఠూరం. మంచిమాట: ఎంత విసిగించే ముసలాయన వచ్చినా ఆయన ముఖం మాడ్చేవారు కాదు. నిష్ఠూరం ఆయన చేతి అలవాటు గురించి. మిషన్ చేతికి రాగానే దాని బ్యాటరీ తలుపు తీసేవారు. ఉఫ్‌మని ఊదేవారు. జేబులోంచి తెల్లగుడ్డ తీసి తుడిచేవారు. కళ్లకద్దుకునేవారు. తలుపు మూసి, అప్పుడు పరీక్షించేవారు. పనిముట్టును కళ్లకద్దుకోకుండా పని మొదలుపెట్టని కుటుంబం ఆయనది. చూడటానికి నాకూ ముచ్చటగానే ఉండేది. దాంట్లో ఏం పోతోందో నాకు చాలాకాలం తట్టలేదు.

చౌడప్ప తాత

చౌడప్ప తాతది ధర్మవరం. చిన్నప్పట్నుంచీ పట్టుచీరల మగ్గం మీదే. మగ్గం చప్పుడుకు చెవులు పోయాయి. భార్య ఓబులమ్మ అవ్వే ఆయన్ను వెంటబెట్టుకుని మా క్యాంపుకు తీసుకొచ్చి, మిషన్ పెట్టించింది. కొన్నాళ్లకు ఇద్దరూ మళ్లీ వచ్చారు.

"పొద్దున బాగా ఇనపడ్తాది సారూ. పొద్దెక్కేకొద్దీ అందరూ దూరం పోతాండారు" అన్నాడు తాత.

సారు మిషన్ తీసుకుని, తలుపు తీసి, ఊది, తుడిచి, కళ్లకద్దుకుని, మూసి తాత చెవికి పెట్టారు. నేను ఫోన్ మోగించాను. తాత ఠక్కున "బువ్వ తింటివా" అని తిరిగి చెప్పాడు. గొంతు ఎంత తగ్గించినా చెప్పాడు.

ఓబులమ్మ అవ్వ కొంగు నడుముకు దోపుకుంది. "చూసినారా? ఫోన్లో ఆడపిల్ల పిలిస్తే పలుకుతాడు. ఇంట్లో నేను గొంతు చించుకున్నా పలకడు. యాబై ఏండ్లుగా వండి పెడితిని ఈయప్పకు."

"పెండ్లాం మాట ఇనపడే మిషన్ ఇంకా కనిపెట్టలేదు లేవ్వా" అన్నారు సారు. గదిలో కూర్చున్నవాళ్లందరూ నవ్వారు. తాతకు మాట వినపడింది, నవ్వూ వినపడింది. ఆయన నవ్వలేదు. అవ్వా నవ్వలేదు.

తర్వాతి వారమూ వచ్చారు. మళ్లీ అదే తంతు, మళ్లీ మిషన్ బంగారం. మూడోసారి తాత ఒక్కడే వచ్చాడు. అవ్వ ఆయనతో మాట్లాడటం మానేసిందట. బత్తలపల్లిలో చెల్లెలి దగ్గరికి పోయి ఉంటానంటోందట. "మీ కాడికొస్తే మంచిదైపోతాది పాపా ఈ మిషను. ఇంటికి పోతే పాడైపోతాది. నేను అబద్ధం చెప్తాండానని ఆయమ్మ అనుకుంటాది. ఈ వయసులో నాకేం పని అబద్ధంతో?" అన్నాడు.

సారు ఈసారి నవ్వలేదు. కాస్త ఆలోచించి, పెద్ద చప్పుడుంటే గొంతు తగ్గించే గుణం ఈ మిషన్‌కు ఉంది కదా, మగ్గం చప్పుడుకు అది తగ్గించేస్తోందేమో అన్నారు. ఆయన చెప్పింది తీసిపారేసే మాట కాదు. కానీ చప్పుడును చూసి మారడం వేరు, గంటలు గడిచేకొద్దీ మారడం వేరు. పొద్దున మగ్గం మోతకు ఎంత తగ్గిస్తుందో మధ్యాహ్నం అదే మోతకు అంతే తగ్గిస్తే, ఆ మిషన్ కాలంతో మారనిదే. తాత చెప్తున్నది అది కాదు. ఆయన పొద్దెక్కడం గురించి చెప్తున్నాడు.

మరుసటి రోజు నా సెలవు వాడుకుని తాతవాళ్లింటికి పోతానన్నాను. ఎందుకమ్మా అన్నారు సారు. పొద్దెక్కేదాకా అక్కడే ఉండి చూస్తానన్నాను. వెళ్లమన్నారు.

మగ్గం పక్కన

ఇల్లంతా ఒకటే గది, దాంట్లో సగం మగ్గం. తాత మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. అవ్వ ఆయన వెనకే కూర్చుని చీరకు కుచ్చులు కడుతోంది. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఇద్దరూ. నన్ను చూడగానే అవ్వ, "పాపా, ఆయప్పకు చెప్పు, కాఫీ ఆడ పెట్టినానని" అంది. నేను పోయి తాతకు చెప్పాను. తాత, "నాకు ఇనపడింది లే, పొద్దున్నే కదా" అన్నాడు నాతో. నేను అవ్వ వైపు చూశాను. ఆమె కుచ్చు ముడి బిగించింది.

కాసేపు మగ్గం ఆపమని అడిగాను. గది సద్దుమణిగాక ఫోన్‌ను జానెడు దూరంలో పెట్టి మాట మోగించాను. మిషన్ కొసకు చిన్న మైకు తగిలిస్తే బయటికొచ్చే శబ్దం మీటరు తెర మీద గీతలుగా కనపడుతుంది. గీత కొండలా లేచింది. దాచుకున్నాను. ఇక మిషన్‌ను ఎవరూ ముట్టుకోవద్దు, తలుపు తీయొద్దు అని తాతతో చెప్పి మళ్లీ చెవికి పెట్టాను.

తర్వాత ఎదురుచూడటమే పని. కూర్చుని చూడటం నాకు బాగా చేతనవును. దారం కండె పెట్టిన నాడె అటూ ఇటూ పోతుంటే పట్టునూగు ఎండలో తేలుతోంది. అవ్వ నాకు ఉగ్గాని పెట్టింది. ఆయప్పకు కూడా ఇమ్మని నా చేతికే ఇంకో ప్లేటు ఇచ్చింది. పొద్దెక్కేకొద్దీ తాత మారిపోవడం నా కళ్లముందే చూశాను. మొదట నేను పిలిస్తే తల తిప్పేవాడు. తర్వాత నా పెదాల వైపు చూడసాగాడు. ఆ తర్వాత అసలు తల ఎత్తడం మానేసి, మగ్గంలోకి వంగిపోయాడు.

అప్పుడు సారు ఫోన్ చేశారు. సంగతి చెప్పాను. "ఒకసారి తలుపు తీసి మూసి చూడమ్మా, సర్దుకుంటుంది" అన్నారు.

బోర్డు మీది డబ్బా అప్పుడు గుర్తొచ్చింది. మేం అక్షరం కనపడిన చోటల్లా మార్చేసిన లెక్క గుర్తొచ్చింది. సారు తలుపు తీసి మూసిన ప్రతిసారీ మిషన్ గడియారం మళ్లీ పొద్దుటికే తిరిగిపోతోంది. మేం ఇన్ని వారాలుగా పరీక్షించింది ఆ మిషన్ పొద్దుటిపూటను మాత్రమే. దాని మధ్యాహ్నాన్ని మాలో ఎవరూ చూడలేదు.

"తీయను సార్" అన్నాను. ఆయన ముందు అలా అనడం అదే మొదటిసారి. "తీస్తే మళ్లీ మొదటికొస్తుంది." ఆయన సరేనన్నారు.

పొద్దు నడినెత్తికి వచ్చాక మళ్లీ మగ్గం ఆపించాను. పొద్దుటిలాగే గది సద్దుమణిగేదాకా ఆగాను. అదే ఫోన్, అదే జానెడు, అదే మాట. గీత లేవలేదు. పొద్దుటి కొండ పక్కన మట్టిగడ్డలా ఉంది. మాట మారలేదు, చోటు మారలేదు, చప్పుడు లేదు. మారింది గంటలు ఒక్కటే.

అప్పుడు తలుపు తీశాను. కాసేపు తెరిచి ఉంచి, మూసి, మోగించాను. కొండ మళ్లీ లేచింది.

దాంతో దారి దొరికింది. ఈ మిషన్లలో వేసే బ్యాటరీ గాలి పీల్చుకుని పనిచేస్తుంది. అందుకే తలుపులో సూదిమొనంత బెజ్జం ఉంటుంది. రాత్రి పడుకునేటప్పుడు తలుపు తీసి పెడతారు కాబట్టి పొద్దున్నకు దానికి ఊపిరి నిండుతుంది. పగలు బెజ్జంలోంచి గాలి ఆడకపోతే మెల్లమెల్లగా సొమ్మసిల్లుతుంది. మిషన్‌ను వెలుతురుకు తిప్పి చూశాను. బెజ్జం ఉండాల్సిన చోట చెవి గుమిలిలా ఏదో ఉంది. సారు ఎన్నిసార్లు తుడిచినా నున్నగా కనపడింది అందుకే. అవ్వ దగ్గర సూది అడిగి గీకాను. కొవ్వొత్తి మైనం.

అవ్వ నా చేతిలో సూది వైపే చూస్తోంది. "అది నేను పెట్టింది పాపా" అంది.

మిగతాదీ ఆమే చెప్పింది. ఇంట్లో ఎప్పుడూ నూగు ఎగురుతుంటుంది. ఆ బొక్కలో నూగు పోతే మిషన్ చెడిపోతుందని భయపడింది. తీసుకొచ్చిన రోజే, ఆయన నిద్రపోయాక, కొవ్వొత్తి కరిగించి మూసేసింది.

"చెడిపోతే మళ్లీ ఈయప్పకు నా మాట ఇనపడదు కదా అని..." అంటూ ఆగిపోయింది.

మిషన్ అప్పటికే తాత చెవికి పెట్టాను. ఆయన మగ్గం మీది చెయ్యి తీసి వెనక్కి తిరిగాడు. అవ్వ ముఖం చూసి ముందు గొంతు సవరించుకున్నాడు.

"నీ నోరు మూసుకున్నది చాలదని, దీని ముక్కు కూడా మూస్తివా ఓబుళూ?"

అవ్వ ఆయన వైపు సూటిగా చూసింది. "ఇనపడిందా నేనన్నది?"

"ఇనపడింది."

"అంతా?"

"అంతా ఇనపడింది మే."

"అట్లయితే లేచి కాళ్లు కడుక్కో. సంగటి సల్లారిపోతాండాది" అంది. ఈసారి ఆ మాట నా చేతికి ఇవ్వలేదు. నేరుగా ఆయనకే చెప్పింది.

నేను సంచి సర్దుకుని బయటికొచ్చి, మెట్టు మీద కూర్చుని, చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు తీసుకున్నాను.

ఆ తర్వాత

సారుతో సంగతి చెప్తే ఆయన తెల్లగుడ్డను మడతపెట్టి జేబులో పెట్టుకుని, తాతను చూసి నవ్వినందుకు తల అడ్డంగా ఊపారు. ఆ రోజు నుంచి మిషన్ చేతికిస్తే తలుపు తీయకుండానే ముందు నాకిచ్చేవారు. కళ్లకద్దుకోవడం మాత్రం మానలేదు. దానికి నేనూ అడ్డు చెప్పలేదు.

కొత్తగా వచ్చిన అమ్మాయికి నేను చెప్పగలిగింది ఇంతే. మనిషి "ఒకతూరి ఇనపడ్తాది, ఇంకోతూరి ఇనపడదు" అంటే, ఆ ఇంకోతూరి దాకా ఆగి చూడు. మన కుర్చీలో, మన వెలుతురులో, మనం తుడిచిన మరుక్షణం అన్నీ బాగానే పలుకుతాయి. మాట మార్చకు. చోటు మార్చకు. మిషన్‌ను ముట్టుకోకు. పొద్దును మాత్రం పోనివ్వు. తేడా రాకపోతే మిషన్ మంచిదే, ఇంకెక్కడో వెతుకు. తేడా వస్తే ఆ మనిషికి క్షమాపణ చెప్పు. లోపం దొరికింది కదా అని ఎవరినీ వేలు పెట్టి చూపించకు. నేను చూసినవాటిలో సగం లోపాలు ఎవరో ఒకరు ప్రేమతో చేసినవే.

కడపటి క్యాంపు

ధర్మవరంలో నా చివరి క్యాంపుకు తాత, అవ్వ ఇద్దరూ వచ్చారు. ఫిర్యాదేమీ లేదు. ఊరికే ఒకసారి చూడమన్నారు. మగ్గం దగ్గర ఉన్నప్పుడు కూడా పక్కింటివాళ్ల మాటలు వినపడుతున్నాయని, ఇప్పుడు ఆయప్పకు చాడీలన్నీ తెలిసిపోతున్నాయని అవ్వ చెప్పింది. వచ్చేవారం నుంచి నేను రానని చెప్పాను. పాఠం చెప్పే పనికి పోతున్నానంటే అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వా? గట్టిగా అరవాల కదమ్మా ఆడ" అంది.

నవ్వి, ఎప్పటిలాగే జానెడు దూరంలో ఫోన్ పెట్టి మాట మోగించాను. "బువ్వ తింటివా?"

తాత మాటను తిరిగి చెప్పలేదు. వినపడలేదేమోనని మళ్లీ మోగించబోయాను. ఆయన నా చేతిని మెల్లగా పక్కకు జరిపాడు. ఫోన్ వైపు కాదు, నా ముఖంలోకి చూస్తున్నాడు.

"తింటి లే పాపా," అన్నాడు. "నువ్వు తింటివా?"